కొలత చెప్పిన బొమ్మ

కొండపల్లి ఏనుగు అంబారీని చూచినవారెవరూ దాని తొండం పొడవెంత అని ప్రశ్నించరు. ఏనుగు రాజసం మనసుకు తట్టితే చాలు, శిల్పి పని నెరవేరినట్లే. రైలింజను నమూనా సంగతి అట్లా కాదు. దాని పెట్టెపై 1 : 76 అని అచ్చువేసిన క్షణం నుంచి అది కొలతకు కట్టుబడిన వస్తువవుతుంది. అప్పుడు దానిని కళాఖండంగా మెచ్చుకోవడంతో విమర్శకుని బాధ్యత తీరదు. చరిత్రకారుడు శాసనాన్ని చదివినట్లు చదవవలసి ఉంటుంది.

అరియాంకుప్పంలో ఒక మిత్రుని గృహంలో నేను తీరికగా పరిశీలించిన నమూనా అటువంటి పఠనానికి అన్నివిధాలా తగినది. అది లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వేవారి 10000 సంఖ్య గల డీజిల్ విద్యుత్ ఇంజనుకు ప్రతిరూపం. బ్రిటన్‌లో ప్రధాన మార్గాలపై నడిచిన డీజిల్ ఇంజన్లకు అది ఆద్యురాలు. ఇంజనీరు ఐవాట్ ఆధ్వర్యంలో, ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ సంస్థ సహకారంతో, 1600 అశ్వశక్తితో డర్బీ కర్మాగారంలో 1947 డిసెంబరులో సిద్ధమైంది. మరి కొద్ది దినాలకే, 1948 జనవరి 1న, బ్రిటిష్ రైల్వేలు జాతీయమయ్యాయి. అంతరించబోతున్న కంపెనీ తన పేరులోని మూడు పొడి అక్షరాలను అల్యూమినియంతో పోతపోసి ఈ ఇంజను పక్కలపై బిగించింది. రంగుతో వ్రాసి ఉంటే ఒక్క పూతతో మాసిపోయేవి!

దాని జోడు 10001 మరుసటి ఏడు వచ్చింది. రెండూ కలిసి లండన్, గ్లాస్గోల మధ్య ఎక్స్‌ప్రెస్ బండ్లను లాగాయి. మొదటిది 1963లోను, రెండవది 1966లోను సేవ నుంచి విరమించాయి. 1968లో రెండింటినీ తుక్కు క్రింద కోసివేశారు. ఆవిరి ఇంజన్లను కాపాడుకోవాలన్న తపన ఆ దేశంలో ఉధృతంగా ఉన్న రోజులవి. డీజిల్ ఇంజనుకూ ఒక చరిత్ర ఉంటుందని తలచినవారు కొద్దిమంది. పర్యవసానంగా నేడు ఆ యంత్రాన్ని గూర్చి మనకు మిగిలినవి నక్షాలు, ఛాయాచిత్రాలు, ఇటువంటి నమూనాలు మాత్రమే. చుట్టూ తిరిగి చూడగలిగిన సాక్ష్యం నమూనా ఒక్కటే. అందువలననే దాని సత్యాసత్యాలను నిగ్గు తేల్చవలసి వస్తున్నది.

సుమారు 61 అడుగుల ఇంజను ఇక్కడ 24 సెంటీమీటర్లకు కొంచెం పైగా ఉన్నది. రెండు కొసల ముందుకు పొడుచుకొని వచ్చిన ముక్కులు, నల్లని దేహం, వెండిరంగు బోగీలు, ఒక్కొక్క బోగీకి మూడేసి ఇరుసులు, పక్కగోడల జాలీలు అన్నీ శ్రద్ధగా తీర్చినవే. పైభాగం విషయంలో తయారీదారుకు వంక పెట్టలేము. అసత్యం క్రింద, పట్టాల దగ్గర ఉన్నది.

ఈ కొలతలో అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు. ఆ లెక్కన 4 అడుగుల 8½ అంగుళాల బ్రిటిష్ గేజి 18.83 మిల్లీమీటర్లు కావాలి. కాని ఈ నమూనా నడిచేది 16.5 మిల్లీమీటర్ల పట్టాలపైన. వెనుకకు లెక్కవేస్తే ఆ మహాయంత్రం సుమారు 4 అడుగుల 1½ అంగుళాల ఇరుకు దారిపై నిలిచినట్లు! దీనికి కారణం నిర్లక్ష్యం కాదు. 16.5 పట్టా అడుగుకు మూడున్నర మిల్లీమీటర్ల కొలతకు పుట్టినది. యూరపు ఖండపు బండ్లకన్నా బ్రిటిష్ బండ్లు సన్నవి, పొట్టివి. ఆ కొలతలో వాటిని చేస్తే ఆనాటి మోటార్లు లోపల ఇమడలేదు. కనుక దేహాన్ని పెంచి పట్టాను ఉన్నదున్నట్లు ఉంచారు. 1938లో హార్న్‌బీ డబ్లో బండ్లు ఈ పద్ధతిలోనే వెలువడి దానిని స్థిరపరచాయి. మోటార్లు తరువాత ఎంత చిన్నవైనా, ఇళ్ళలో పరచిన పట్టాలను ఎవరు మారుస్తారు? తాత్కాలిక ఏర్పాటు శాశ్వత నియమం కావడం ప్రభుత్వోద్యోగులకు కొత్త సంగతి కాదు.

నమూనా సుమారు 438 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వంపులో తిరగగలగాలి. అసలు కొలతలో అది దాదాపు 33 మీటర్లు. అంతటి వంపులో ఏ ఎక్స్‌ప్రెస్ ఇంజనూ తిరగదు. అందుకే బోగీకీ దేహానికీ మధ్య సందు పెంచారు, చక్రపు అంచులను మందం చేశారు. బరువు విషయం మరింత విచిత్రం. ఇంజను బరువు సుమారు 128 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటా 76 వంతులు తగ్గించితే నమూనా మూడు వందల గ్రాములైనా తూగరాదు. అంత తేలికగా ఉంటే చక్రాలకు పట్టు చాలదు గనుక లోపల లోహపు దిమ్మె వేస్తారు.

ఈ లోపాలను నేను క్షమించగలను. ఎందుకనగా ఇవి ప్రకటితమైనవి. కొలబద్ద పట్టుకొన్న ఎవరైనా వెలికితీసి సరిదిద్దుకొనగలరు. నాకు అభ్యంతరం రంగుతో. మిత్రుని నమూనా 1947 నాటి నలుపు, వెండి అలంకారంలో మెరుస్తున్నది. ఇంజను ఆ అక్షరాలను ధరించినది కొద్ది సంవత్సరాలు మాత్రమే. 1950ల చివరకు అది ఆకుపచ్చ రంగులో తిరిగింది. పని లేక నిలిచిపోయి తుక్కు కోసం వేచిన ఏండ్లకు నమూనా లేదు. జయంతి చేసి వర్ధంతి మరచినట్లున్నది ఈ వ్యవహారం. పీఠంపై ఒక తేదీ చెక్కి ఉంటే ఈ ఆక్షేపణ సగం తగ్గేది.

అరియాంకుప్పం నది ఒడ్డునే ఉన్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపారు. కొలకర్ర లేని ఛాయాచిత్రాన్ని, కొలత చూపని నిలువుకోత నక్షాను అంగీకరించని పండితుడాయన. ఇటలీ నుంచి వచ్చిన ఎర్రని పాత్రల పెంకులు ఇక్కడి మట్టిపొరలకు కాలనిర్ణయం చేయగలిగినాయంటే, ఏ పెంకు ఏ పొరలో ఎంత లోతున దొరికినదో వ్రాసిపెట్టిన శ్రమ దాని వెనుక ఉన్నది. ఆ నియమాన్ని మన కార్యాలయాల అద్దాల బీరువాలలోని ఇంజను నమూనాలకు వర్తింపజేస్తే ఎన్ని నిలుస్తాయి? అతిథులకు జ్ఞాపికలుగా ఇచ్చే ఇత్తడి ఇంజన్లపై బహూకరించిన అధికారి హోదా ఉంటుంది. కొలత ఉండదు.

మనకు ఇది ఇప్పుడు అత్యవసరమైన ప్రశ్న. 1950ల మధ్యలో గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ కంపెనీ నుంచి మీటరు గేజికి తెచ్చిన 20 వైడీఎం-1 ఇంజన్లు, నీటి ఎద్దడి గల కచ్ ప్రాంతపు గాంధీధామ్ వైపు పనిచేసి కనుమరుగైనాయి. 1964 నుంచి వారణాసిలో తయారై, విశాఖపట్నం, కాజీపేట, గుత్తి షెడ్లలో తెలుగువారి చేతులమీదుగా మరమ్మతులు పొందిన డబ్ల్యుడీఎం-2 తరం కూడా విద్యుదీకరణతో పట్టాలపై నుంచి తొలగిపోయింది. వారణాసిలో రూపొందిన మొదటి ఇంజను ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉన్నది. షెడ్లలో కాలక్రమేణా జరిగిన మార్పులను కొలిచి నమోదు చేయడం, ఆ పని చేసిన మెకానిక్కులు ఉండగానే జరగాలి.

అటువంటి నమూనా చేయదలచినవారికి బజారులో దొరికే 16.5 పట్టా పనికిరాదు. ఈ కొలతలోనే మన బ్రాడ్ గేజికి 22 మిల్లీమీటర్లు కావాలి. 1879లో మీటరు గేజిపై మొదలై, ఈ శతాబ్దారంభంలో బ్రాడ్ గేజిగా మారిన విల్లుపురం, పుదుచ్చేరి మార్గపు పాత రూపానికి 13.1 మిల్లీమీటర్లు. ఆ పట్టాను ఎవరికి వారు చేతితో వేసుకొనవలసిందే.