బండి ఆపినాక ఏం జరిగింది?
ఆత్మరక్షణ తీర్పులపై ఒక దళిత పఠనం

కవిత్వాన్ని, కథని, నవలని కులం కోణం నుంచి ఎట్లా చదవాలో మన విమర్శకులు మనకు నేర్పారు. కథ ఎక్కడ మొదలవుతోంది, ఎవరి కళ్లతో నడుస్తోంది, అందులో ఎవరికి నోరుంది, ఎవరికి లేదు అని అడగడం వాళ్ల దగ్గరే అలవాటైంది. అవే ప్రశ్నలు కోర్టు తీర్పుల్ని మనం ఎందుకు అడగం? తీర్పు కూడా కథనమే. కాకపోతే దాన్ని బట్టి ఒకడు ఇంటికి పోతాడు, ఒకడు జైలుకి పోతాడు. పోలీసు బలప్రయోగం, ఆత్మరక్షణ హక్కుల మీద వచ్చిన తీర్పుల్ని ఇట్లా చదివితే ఒక సంగతి తేటపడుతుంది. ఆత్మరక్షణ హక్కు కాగితం మీద అందరికీ ఉంది. ఆ హక్కుకి పునాది భయం. ఎవరి భయాన్ని నమ్మాలి అన్నదగ్గరే వర్ణమూ కులమూ పనిచేస్తాయి.

ముందు అమెరికా సంగతి చూద్దాం. పోలీసు బలప్రయోగాన్ని కొలవడానికి అక్కడ ఈనాటికీ వాడుతున్న తీర్పు, రోడ్డు మీద కారు ఆపిన ఘటనలోంచే పుట్టింది. 1984లో షార్లట్ నగరంలో డెథోర్న్ గ్రాహం అనే నల్లజాతీయుడు షుగర్ పడిపోతుంటే నారింజ రసం కోసం మిత్రుడి కారులో దుకాణానికి పోయాడు. లోపల లైను పెద్దదిగా ఉందని వెంటనే బయటికొచ్చాడు. ఆ తొందరే కానర్ అనే పోలీసుకి అనుమానమైంది. వెంటపడి కారు ఆపాడు. మిగతా పోలీసులూ వచ్చి బేడీలు వేశారు. జబ్బు సంగతి చెప్తే వినలేదు. దుకాణంలో ఏ నేరమూ జరగలేదని తేలేసరికి అతని పాదం ఎముక విరిగింది, భుజం దెబ్బతింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 1989లో ఒక సూత్రం చెప్పింది. బలప్రయోగాన్ని ఆ చోట ఉన్న సమంజసుడైన అధికారి దృష్టితో చూడాలట, తర్వాత తీరిగ్గా వెనక్కి తిరిగి చూసే దృష్టి పనికిరాదట. విమర్శ భాషలో చెప్పాలంటే కోర్టు దృష్టికోణాన్ని ఎంచుకుంది. షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతున్నవాడికి ఆ రోడ్డు ఎట్లా కనపడిందన్నది ఆ కొలతలోకి రాదు.

మనోళ్లలో కొందరు, దాడులు జరిగిన ప్రతిసారీ, దళితులకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలంటారు. ఇది గాలిమాట కాదు. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో 3వ నిబంధన, అవసరమైతే ఎస్సీ ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వొచ్చని చెప్తుంది. ఆ డిమాండును నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ అది పెట్టేవాళ్లు ఫిలాండో కాస్టిల్ కథ చదవాలి.

కాస్టిల్ మిన్నెసోటాలో ఒక బడి వంటశాలలో పనిచేసేవాడు. వయసు 32. తుపాకీ ఉంచుకోడానికి అనుమతి ఉంది. 2016 జులై 6న, వెనక లైటు వెలగడం లేదని అతని కారు ఆపారు. అంతకుముందే ఆ పోలీసు, డ్రైవరు ముక్కు వెడల్పుగా ఉంది, దోపిడీ కేసు అనుమానితుడిలా ఉన్నాడని రేడియోలో చెప్పాడు. తన దగ్గర తుపాకీ ఉందని కాస్టిల్ తనంతట తానే, మర్యాదగా చెప్పాడు. కొద్ది క్షణాల్లో పోలీసు ఏడుసార్లు కాల్చాడు. వెనక సీట్లో నాలుగేళ్ల పాప ఉంది. 2017లో జ్యూరీ ఆ పోలీసుని నిర్దోషి అంది. తనకు ప్రాణభయం కలిగిందని అతను చెప్పిన మాట చెల్లింది. కాస్టిల్ జేబులోని అనుమతి పత్రం చెల్లలేదు. అతన్ని అప్పటికే కనీసం 46 సార్లు రోడ్డు మీద ఆపారన్న సంగతి చూస్తే, ఆ రాత్రి భయపడాల్సిన మనిషి ఎవరో మనకు అర్థమవుతుంది.

ఈ సంగతి బ్లాక్ పాంథర్లకు యాభై ఏళ్ల ముందే తెలుసు. 1966లో ఓక్లాండులో వాళ్లు పోలీసు కార్ల వెంట తిరిగారు. చేతుల్లో తుపాకులున్నాయి, చట్టం పుస్తకాలూ ఉన్నాయి. పోలీసు ఎవరినైనా ఆపితే చట్టం అనుమతించిన దూరంలో నిలబడి చూసేవాళ్లు. ఒంటరిగా చిక్కిన మనిషికి సాక్షుల గుంపు తోడైంది. దానికి ప్రభుత్వం ఏం జవాబిచ్చింది? 1967లో కాలిఫోర్నియా శాసనసభ మల్ఫర్డ్ చట్టం చేసి, గుళ్లు నింపిన తుపాకీ బహిరంగంగా పట్టుకు తిరగడాన్నే నేరం చేసింది. నల్లవాళ్లు హక్కుని వాడుకోగానే హక్కు ఆకారం మారిపోయింది. 1972లో ముంబయిలో దళిత పాంథర్లు ఆ పేరు తెచ్చుకున్నారు. పేరుతోపాటు ఈ పాఠం కూడా మనకు వారసత్వమే.

అమెరికా కోర్టు ఇటీవల ఒక అడుగు వేసింది. 2016లో హ్యూస్టన్ దగ్గర, టోల్ బాకీల పేరుతో ఆష్టియన్ బార్న్స్ కారు ఆపారు. కారు కదలగానే పోలీసు దాని గుమ్మం మీదికి దూకి కాల్చాడు. కింది కోర్టులు ఆ పోలీసు కారుని పట్టుకు వేలాడిన రెండు సెకన్లే చూశాయి. 2025 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, అట్లా కుదరదు, మొత్తం పరిస్థితి చూడాలంది. ప్రమాదాన్ని పోలీసే కొనితెచ్చుకుంటే ఏమిటన్న ప్రశ్నను మాత్రం తేల్చకుండా వదిలేసింది. కథ కొంచెం ముందునుంచి మొదలుపెట్టడానికి ఒప్పుకుంది, అంతే.

మన దగ్గరికొద్దాం. ఆత్మరక్షణ హక్కు 1860 నాటి శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉండేది. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. నెంబర్లు మారాయి, వలస దొరలు రాసిన వాక్యాలు దాదాపు అట్లాగే ఉన్నాయి. 37వ సెక్షన్ చదవండి. ప్రభుత్వోద్యోగి సదుద్దేశంతో, తన హోదాలో చేసిన పని చట్టప్రకారం పూర్తిగా సరైనది కాకపోయినా, చావో తీవ్రగాయమో తప్పదన్న సమంజసమైన భయం ఉంటే తప్ప దాని మీద ఆత్మరక్షణ హక్కు లేదు. అధికారుల్ని ఆశ్రయించే వ్యవధి ఉన్నా ఆ హక్కు లేదు. కొట్టేదే పోలీసైతే ఏ అధికారిని ఆశ్రయించాలో చెప్పలేదు. లాఠీకి చెయ్యి అడ్డం పెట్టినవాడి మీద విధులకు ఆటంకం కేసు, పాత 353, ఇప్పటి 132, సిద్ధంగా ఉంటుంది.

వర్ణానికీ కులానికీ పోలిక కుదరదని కొందరు అనొచ్చు. తేడా ఉన్నమాట నిజమే. అక్కడ చర్మం చూసి ఆపుతారు. ఇక్కడ బండి ఆపినాక ఏ ఊరు, ఏ వాడ, ఎవరి తాలూకు అని అడుగుతారు. ఆ జవాబుని బట్టి మీరు అనే పిలుపు ఒరేయ్‌గా మారుతుంది. 2020 జులైలో చీరాలలో మాస్కు లేదని ఒక బైకు ఆపారు. దాని మీదున్న దళిత యువకుడు కొద్దిరోజులకే ఆస్పత్రిలో చనిపోయాడు. లాఠీదెబ్బల వల్లేనని కుటుంబం అంది. జీపులోంచి దూకాడని పోలీసులన్నారు. పోలీసు కథ చనిపోయినవాడు దూకిన దగ్గర మొదలవుతుంది, కుటుంబం కథ బండి ఆపిన దగ్గర మొదలవుతుంది.

ఎన్‌కౌంటర్లలో పోలీసే ఆత్మరక్షణ హక్కుదారుడు. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అట్లాంటి చావుకి ఎఫ్ఐఆర్ కట్టాలని, ఆత్మరక్షణను పోలీసులు విచారణలో రుజువు చేసుకోవాలని చెప్పింది. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టే ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని కాల్చి మళ్లీ ఆత్మరక్షణే అన్నారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ కథని నమ్మలేదు. చంపాలనే కాల్చారని చెప్పి, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫార్సు చేసింది. చచ్చినవాళ్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా అని చూసి పూలు చల్లితే, రేపు చీరాల బైకు దగ్గర మనం నమ్మించాల్సిన మాటను ఈరోజు మనమే పోగొట్టుకుంటాం.

తిరగబడమని నేను చెప్పడం లేదు. రోడ్డు మీద ఒంటరిగా చిక్కిన మనిషికి చట్టం ఇచ్చిన హక్కు, ఆ తర్వాత ఎవరి మాట నమ్ముతారన్న దాని మీదే ఆధారపడి ఉంది. అందుకని మన పని అక్కడ మొదలవ్వాలి. నిజనిర్ధారణకి పోయే విద్యార్థులు, కార్యకర్తలు ఎఫ్ఐఆర్ మొదలైన చోట తమ నివేదిక మొదలుపెట్టకూడదు. ఎవరు ఆపారు, ఏ కారణం చెప్పారు, ఏం పేరు పెట్టి పిలిచారు, అంతకుముందు ఎన్నిసార్లు ఆపారు, చుట్టూ ఎవరున్నారు, ఇవన్నీ రాసుకోవాలి. పోలీసు స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ఆదేశించింది కాబట్టి ఆ దృశ్యాలు చెరిగిపోకముందే అడగాలి. పోలీసుకి భయం కలిగిందన్న మాటని రుజువు అడగకుండా ఏ నివేదికలోనూ వదలొద్దు.