బ్రిటిషు సోపు నాటకములు: రంగసజ్జ, అభినయము, యథార్థత

అమెరికాదేశమున 1930వ సంవత్సర ప్రాంతమున రేడియోలో దినదినమును బ్రసారమగుచుండిన గృహకథలను సబ్బులు చేయు వర్తకసంఘములు ధనమిచ్చి పోషించుచుండెను. అందుచే నట్టి కథలకు ‘సోప్ ఆపెరా’ యను పేరు గలిగినది. ఈ పేరునందే పరిహాసము గలదు. ఆపెరా యనఁగా సంపన్నుల రంగశాలలకుఁ దగిన గేయనాటకము. సబ్బు చాకిరేవు సరకు. ఈ రెంటిని జేర్చి పలికినవా రా కథలను గౌరవింప నుద్దేశించినవారు కారు. బ్రిటనులో నీ జాతి నాటకములు టెలివిజనునందు నెలకొని యఱువదియేండ్లు దాఁటినను నా పరిహాసము పూర్తిగాఁ దొలఁగలేదు. ప్రేక్షకులు మాత్రము వీనిని దేలికగాఁ జూడలేదు. నటుల యభినయము సహజమా కృత్రిమమా, అందుఁ జూపఁబడు జీవితము యథార్థమా కాదా, వీథులును నిండ్లును నిజమైనవా యట్టముక్కలా యని తరతరములుగా వాదించుచునే యున్నారు. ఈ వాదములు మూఁడుగాఁ గనఁబడును. పరిశీలించినచో మూఁడును నొక్కటియే యని తేలును.

భరతముని యభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినాఁడు. చాప, వస్త్రము, చర్మము మొదలగువానితో రంగముపై వస్తువులను గల్పించుటకుఁ బుస్తమని పేరిడి, దాని నాహార్యాభినయమునఁ జేర్చినాఁడు. అనఁగా రంగసజ్జ యభినయమునకు వెలుపలనున్న యలంకారము కాదు, అభినయములోనిదే. ఆ మునియే లోకధర్మి, నాట్యధర్మి యని రెండు మార్గములను జెప్పినాఁడు. లోకపు నడవడిని ఉన్నది యున్నట్లు చూపుట లోకధర్మి. రంగమున కనుగుణముగాఁ గల్పన చేసి చూపుట నాట్యధర్మి. దగ్గఱ నున్నవాఁడు పలికిన మాటను వేఱొకఁడు విననట్లు నటించుట నాట్యధర్మి కుదాహరణములలో నొకటి.

బ్రిటిషు సోపు నాటకములు లోకధర్మిని బ్రతిజ్ఞగాఁ బట్టి పుట్టినవి. 1956లో జాన్ ఆస్బర్న్ రచించిన ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ నాటకమును, 1958లో సాల్ఫర్డు పట్టణపు యువతి షీలా డెలేనీ రచించిన ‘ఏ టేస్ట్ ఆఫ్ హనీ’ నాటకమును, సామాన్యుల యిరుకుటిండ్లను రంగముపైకిఁ దెచ్చెను. ఆ గాలిలోనే 1960 డిసెంబరు 9వ తేదీని ‘కొరొనేషన్ స్ట్రీట్’ వెలసినది. టోనీ వారెన్ దీనికి సృష్టికర్త. మాంచెస్టరునందలి గ్రెనడా సంస్థ ప్రసారకర్త. ఆ వీథి యున్నట్లు చెప్పఁబడిన వెదర్‌ఫీల్డు కల్పితపట్టణమే యైనను సాల్ఫర్డు నాధారముగాఁ గొన్నది. అయినను, ఇంతటి లోకధర్మి నాటకమునందును నాట్యధర్మి యడుగడుగునఁ గలదు. వీథివారందఱును సాయంకాలమగుసరికి ‘రోవర్స్ రిటర్న్’ అను పానశాలకుఁ జేరుదురు. ఒక బల్లయొద్ద నిరువురు రహస్యము మాటాడుకొనుచుండఁగా నాల్గడుగుల దూరమున నున్నవారికది వినఁబడదు. వెనుకఁ గూర్చున్నవారు పెదవులు గదలింతురే కాని శబ్దము చేయరు. భోజనపు బల్లచుట్టు నైదుగురు కూర్చున్నను గెమెరా వైపు మాత్రమెవ్వరును గూర్చుండరు. భరతుఁడు చెప్పిన నాట్యధర్మి యిదియే. దీనిని జూచి యసత్యమని యాక్షేపించు ప్రేక్షకుఁడు చాల నరుదు. కావున ప్రేక్షకుఁడు కోరునది కల్పనలేమి కాదని స్పష్టము.

రంగసజ్జ చరిత్రయు నీ విషయమునే తెలుపుచున్నది. కొరొనేషన్ స్ట్రీట్ తొలి సంవత్సరములలో వీథిదృశ్యములు స్టూడియో లోపలనే తీయఁబడినవి. ఇండ్ల ముఖభాగములు కొయ్యతో, నిజప్రమాణములో ముప్పాతికవంతుగా నిర్మింపఁబడినవి. ఆ గోడలముందు మనుష్యులు మిక్కిలి పెద్దవారుగాఁ దోఁపకుండుటకై నటులు మెల్లగా నడువవలసి వచ్చెడిదఁట. 1968లో నా వీథి యారుబయటికి వచ్చినది. పిమ్మటఁ గొయ్య పోయి యిటుక వచ్చినది. 1982లో సాల్ఫర్డులోని పాత యిటుకలను సేకరించి స్థిరమైన వీథిని గట్టిరి. కొయ్యవీథిలో నడచిన యీనా షార్పుల్సు, ఎల్సీ టానర్ అను పాత్రలు మాత్రము నేఁటికిని స్మరింపఁబడుచున్నవి. వయొలెట్ కార్సన్, ప్యాట్ ఫీనిక్స్ అను నటీమణులు వాని ముందు నిలిచి పలికినపుడు గోడలు చిన్నవని యెంచువారు లేరైరి.

దీనికిఁ బ్రతిపక్షము ‘బ్రూక్‌సైడ్’. 1982 నవంబరు 2వ తేదీని, చానెల్ ఫోర్ ప్రసారములు మొదలిడిన దినముననే, యిదియు మొదలైనది. దీని కర్త ఫిల్ రెడ్మండ్ కల్పితగృహములు పనికిరావని తలంచి లివర్పూలు నగరమున నిజమైన క్రొత్త యిండ్లనే కొని, వానియందే చిత్రీకరణము జరిపించినాఁడు. గోడలు తొలఁగించుటకు వీలులేని యిఱుకుగదులలోఁ గెమెరాయు నటులును నొదిగియుండవలసి వచ్చెను. ఆ యిఱుకు తొలినాళ్లలో నాటకమునకు మేలే చేసినది. ఉద్యోగము పోయిన తండ్రియు, విసిగిన తల్లియు నొకరి నొకరు తప్పించుకొని పోఁజాలని యిల్లది. రికీ టామ్లిన్సన్, స్యూ జాన్స్టన్ అనువా రందు జీవించిరనియే చెప్పవలెను. గృహహింసకు లోనైన జోర్డాష్ కుటుంబపు కథను సయితము 1993 మొదలుకొని యా నాటకము గంభీరముగాఁ జూపినది. అయితే తరువాతి కాలమున నా చిన్న వీథిలోనే ప్రాణాంతకమైన యంటువ్యాధియు, తుపాకులతో నిర్బంధములును, ప్రేలుళ్లును వరుసగా వచ్చిపడెను. 2003 నవంబరులో నాటకము ముగిసినది. ఇటుకలు తుదివఱకును నిజమైనవే. వానినడుమ జరిగిన కథ మాత్రము యథార్థతను గోలుపోయినది. ఇల్లు నిజమైనంతమాత్రమున నింటిలోని మాట నిజము కాదు.

‘ఎమర్‌డేల్’ కథ మఱియొక వింతను జూపును. 1972లో యార్క్‌షైరునఁ బుట్టిన యీ నాటకము నిజమైన గ్రామములనే రంగముగాఁ గొన్నది. మొదట ఆర్న్‌క్లిఫ్, పిమ్మట ఎషోల్ట్ గ్రామము ఈ యాదరమునకుఁ బాత్రమైనవి. నాటకము ప్రసిద్ధి గాంచినకొలఁది యెషోల్టునకు యాత్రికులు తండోపతండములుగా రాసాగిరి. తుదకు 1990వ దశకపు చివర హేర్‌వుడ్ ఎస్టేటునందుఁ బ్రత్యేకముగా నొక కల్పితగ్రామమును నిర్మింపవలసి వచ్చెను. నిజమైన గ్రామము చూడవచ్చినవారికిఁ బ్రదర్శనశాలయై, కల్పితగ్రామమే నాటకమునకు నిజమైనది.

ఇఁక నభినయము. దీనినిగూర్చిన హాస్యమంతయు ‘క్రాస్‌రోడ్స్’ అను నాటకముపైఁ బడినది. 1964 నవంబరు 2వ తేదీని మొదలై 1988 వఱకు నడచిన యీ కథ బర్మింగ్‌హాము సమీపమునందలి యొక మోటెలునకు సంబంధించినది. మొదట వారమునకైదు భాగములు సిద్ధము చేయవలసి యుండెను. ధనము స్వల్పము, వ్యవధి యంతకన్న స్వల్పము. నటుఁడు మాట తడఁబడినను మరల దీయుటకుఁ దీఱికలేదు. ఊఁగెడి గోడలు, మఱచిన మాటలు అను నపకీర్తి దానిని విడువలేదు. 1985లో విక్టోరియా వుడ్ ‘ఏకార్న్ యాంటీక్స్’ అను పేర దీనికి వికటానుకరణమును రచించెను. అందు జూలీ వాల్టర్సు వంటి గొప్ప నటీమణులు తప్పుగా నటించుటను మిక్కిలి నేర్పుతో నటించిరి. లోకము నవ్వినది, ఆ నవ్వు న్యాయమైనదే. కాని 1981లో క్రాస్‌రోడ్స్ నాయిక నోయెల్ గార్డన్‌ను దొలఁగించినప్పుడు ప్రేక్షకులు చూపిన యాగ్రహము నవ్విన విమర్శకుల కర్థము కాలేదు. గోడ లూఁగుట ప్రేక్షకులును జూచిరి. అయినను బదునేడేండ్లు వారమువారము తమ యింటికి వచ్చినట్లుండిన యొక స్త్రీని వారు చూచినది యా గోడలకన్న నెక్కువ.

ఇచ్చటనే యీ నాటకములకుఁ బ్రత్యేకమైన ధర్మ మొకటి గోచరించును. అది కాలము. సాధారణ నాటకము మూఁడు గంటలలో ముగియును. అందలి కుర్చీ కుర్చీయే. సోపు నాటకము దశాబ్దములు నడచును. అందలి కుర్చీలో నొకఁడు ముసలివాఁడగును. తొలిభాగమునఁ గనఁబడిన విలియమ్ రోచ్ కెన్ బార్లో పాత్రమునందే యఱువదియేండ్లకుఁ బైగాఁ గొనసాగినాఁడు. ఇట్టి నాటకమున నాహార్యము కాలక్రమమున జ్ఞాపకముతో నిండును. నటుఁ డా వస్తువును దాఁకినపుడు ప్రేక్షకుని జ్ఞాపకమును దాఁకిన ట్లగును. ఆహార్యము సాత్త్వికమునకు ద్వారమగుట యిదియే.

దీనికి హిల్డా ఆగ్డెన్ పాత్రమును మించిన నిదర్శనము లేదు. జీన్ అలెగ్జాండర్ ఈ పాత్రమును 1964 మొదలు 1987 వఱకు ధరించెను. హిల్డా యిండ్లూడ్చి బ్రతుకు పేద స్త్రీ. భర్త స్టాన్ సోమరి. ఆమె తన గదిగోడకుఁ బర్వతములదృశ్యముగల పెద్ద చిత్తరువు నంటించి, దానిపై నెగురుచున్న మూఁడు పింగాణి బాతులను వ్రేలాడఁగట్టినది. అట్టి చిత్తరువునకు ఇంగ్లీషున ‘మ్యూరల్’ అని పేరుకాఁగా నామె ‘మ్యూరియల్’ అని పలుకుచుండెడిది. ప్రేక్షకులు నవ్విరి, ఆ నవ్వులో నేహ్యము లేదు, చనువు గలదు. 1984లో స్టాన్ పాత్రధారి బెర్నార్డ్ యూన్స్ మృతినొందఁగాఁ గథలోను స్టాన్ మరణించెను. ఆస్పత్రినుండి వచ్చిన యతని వస్తువుల మూటను హిల్డా యొంటరిగా విప్పును. అందతని కండ్లద్దముల పెట్టె యుండును. దానిని జూచి యామె యేడ్చును. మాటలు లేవు. ఆ యేడ్పు పూర్వాభ్యాసముచేత వచ్చిన కంఠస్వరము కాదు. ఇరువదియేండ్ల సణుఁగుడంతయు నొక్కసారిగాఁ బ్రేమయని బయటపడిన క్షణము. ఆ గది హాస్యమునకై యలంకరింపఁబడినది కావుననే యందు దుఃఖ మంతగా రాణించినది. ఈ యభినయమునకుఁ బిమ్మట రాయల్ టెలివిజన్ సొసైటీవారి పురస్కారము లభించెను.

‘ఈస్ట్‌ఎండర్స్’ నుండియు నిట్టి నిదర్శనము గ్రహింపవచ్చును. 1985 ఫిబ్రవరి 19వ తేదీని బీ.బీ.సీ. ప్రారంభించిన యీ నాటకమున జూన్ బ్రౌన్ డాట్ అను వృద్ధస్త్రీ పాత్రమును ధరించెను. 2008 జనవరి 31వ తేదీనాఁటి భాగమంతయు నామె యొక్కతెయే నటించినది. పక్షవాతముతో నాస్పత్రినున్న భర్తకు వినిపించుటకై యామె యొక టేపు యంత్రముముందుఁ గూర్చుండి మాటాడును. ఒక గది, యొక యంత్రము, యొక ముఖము. ఇంతకన్న మఱేమియు లేదు. ఆ గదిలో నామె తిరుగాడుట యెఱిఁగినవారికది చాలినది. ఈ భాగమునకై యామె పేరు బాఫ్టా పురస్కారమునకుఁ బరిశీలనకు వచ్చెను.

ఘటనల యథార్థతనుగూర్చిన వాదమును నీ దృష్టితోనే చూడవలెను. 1993 డిసెంబరు 30వ తేదీని ఎమర్‌డేల్ గ్రామముపై విమానము కూలినట్లు చూపఁబడెను. 1988 డిసెంబరులో స్కాట్లండునందలి లాకర్బీపై నిజముగా విమానము కూలి యప్పటి కైదేండ్లే యైనది. పలువు రాక్షేపించిరి. విమానములు కూలవని వారి వాదము కాదు. కూలుట నిజమగుటచేతనే వారికి బాధ కలిగినది. అది యథార్థతాలోపము కాదు, ఔచిత్యలోపము. క్షేమేంద్రుఁ డౌచిత్యమును రసమునకుఁ బ్రాణమన్నది యిట్టి చోటులనే స్మరింపఁదగును. మఱియొకవైపు, 2009 క్రిస్మసునాఁడు ఈస్ట్‌ఎండర్సునందు ఆర్చీ మిచెల్ అను దుష్టుఁడు పానశాలలోని విక్టోరియారాణి ప్రతిమతోఁ జంపఁబడెను. ఇదియు నతిశయమే. అయినను నిరువదినాలుగేండ్లుగా నందఱు నెఱిఁగిన వస్తువగుటచే నా ప్రతిమ యా ఘటనను నాటకములోనిదానినిగాఁ జేసినది.

ఈస్ట్‌ఎండర్సువారి వీథి 1984లో ఎల్‌స్ట్రీ స్టూడియో యావరణమునఁ గొలఁది యేండ్ల కొఱకుఁ గట్టఁబడినది, దశాబ్దములు నిలిచినది. శిథిలమగుచుండుటచేతను, స్పష్టతరమైన నేఁటి చిత్రమునందు లోపములు బయటపడుచుండుటచేతను గ్రొత్త వీథిని నిర్మించిరి. దీనికి 8 కోట్ల 67 లక్షల పౌనులు వ్యయమగునని 2018లో బ్రిటిషు ప్రభుత్వ లెక్కతనిఖీ సంస్థ యంచనా ప్రకటించెను. 2022లో నా వీథి తెరపైకి వచ్చినది. కూలనున్న గోడలక్రిందఁ బనిచేయువారిని నిలుపుట న్యాయము కాదు గనుక నా నిర్మాణమును దప్పుపట్టఁజాలరు. నిజమైన యిటుక యథార్థతను గొనితెచ్చునను నాశ మాత్రము వ్యర్థము. బ్రూక్‌సైడ్ యా యాశకుఁ బ్రత్యుత్తరము.

కాఁబట్టి యీ ప్రేక్షకుల వాదములకు నిట్లు సమాధానము చెప్పవచ్చును. గోడ యూఁగినదా లేదా యనునది యల్పప్రశ్న. ఆ గోడకానుకొని నిలిచినవాఁ డాయింటివాఁడుగాఁ దోఁచినాఁడా యనునదియే యసలు ప్రశ్న. అందులకు నటునికిఁ గాలము కావలెను. రచయితకు నోర్పు కావలెను. ప్రేక్షకుల సంఖ్య తగ్గినదని భయపడి యేఁటేఁట విమానములను, మంటలను దెచ్చినచో, మూట విప్పుటకుఁ గావలసిన నిశ్శబ్దమునకుఁ జోటుండదు. ఇల్లు కట్టుటకు ధనము చాలును. ఇల్లు పాతదగుటకు ధనము చాలదు. నలువదియేండ్లు చూచిన ప్రేక్షకుఁ డీ భేదము నెఱుఁగును. అతఁడు గోడను నిందించునపుడు సయితము పెక్కుసారు లతని మనసులోనున్నది గోడ కాదు, ఆ గోడవద్ద నిలిచియుండవలసిన మనిషి.