ప్రతిజ్ఞలో రెండో మాట

ప్రతి ఉదయం మా బడిలో పిల్లల చేత ప్రతిజ్ఞ చెప్పిస్తాం. 1962లో దాన్ని తెలుగులో రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావు. అప్పుడాయన విశాఖపట్నంలో ఖజానా అధికారి. దేశ వారసత్వాన్ని చూసి గర్వపడతామన్నది అందులో ఒక మాట. దానికి తగినవాళ్లం అవుతామన్నది రెండో మాట. మనం మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాం.

ఆ వారసత్వంలో మనవాళ్లు ఉన్నారా? పోడు మీద ఆంక్షలకూ, రోడ్డు పనుల వెట్టికీ ఎదురుతిరిగి 1922లో ఆ విశాఖ మన్యమే లేచింది. పాఠంలో అల్లూరి సీతారామరాజు ఉంటాడు. ఉండవలసిందే. ఆయన పక్కన పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొరల పేర్లు ఎందరు పిల్లలు చెప్పగలరు? జైలుశిక్ష అనుభవించిన ఆ మల్లుదొరే 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఇది గర్వపడదగ్గ సంగతే.

అయితే 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో, భూమి గోడు చెప్పుకోవడానికి సభకొచ్చిన గోండుల మీద కాల్పులు జరిపింది స్వతంత్ర దేశపు పోలీసులే. అదీ వారసత్వమే. దాన్ని దాచిపెట్టిన గర్వం పిల్లలకు అబద్ధం నేర్పుతుంది.

అలాగని గర్వమే వద్దనం. అడవిలో బతికే ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది. తప్పు ఒప్పుకున్న దేశాన్ని చూసి గర్వపడవచ్చు. కానీ హక్కు ఉండీ పట్టా అందని ఇల్లు ఊళ్లో ఒక్కటున్నా ఆ గర్వం సగమే.

తోటి టీచర్లకు మా మనవి ఒక్కటే. రేపు ప్రతిజ్ఞ అయ్యాక ఒక్క నిమిషం ఆగండి. మల్లుదొర ఎవరో పిల్లలకు చెప్పండి. ఆ తర్వాత రెండో మాట మళ్లీ చదివించండి.