టెలివిజను ప్రహసనములు: హాస్యము చిరకాలము నిలుచుటకుఁ గారణము

మన యాలంకారికులు హాస్యమును రసములలో నొకటిగాఁ బరిగణించిరే కాని శృంగారవీరముల కిచ్చిన పీఠమును దాని కియ్యరైరి. ప్రహసనము దశరూపకములలోఁ జేరినదయ్యును నాటకమువలె నాదర మందదయ్యెను. నేఁడు టెలివిజనునందుఁ బ్రదర్శింపఁబడు హాస్యధారావాహికములకును విద్వద్గోష్ఠులయం దట్టి గతియే పట్టినది. ఇవి ప్రొద్దుపుచ్చుటకే కాని విమర్శకుఁ దగినవి కావని పలువురి తలంపు. ఆ తలంపు సరికాదని చూపుటయు, ఇట్టివానిలోఁ గొన్ని యేఁబదియేండ్లు గడచినను నవ్వు పుట్టించుచుండఁగాఁ గొన్ని త్వరలోనే వెలవెలఁబోవుటకుఁ గారణ మరయుటయు నీ వ్యాసమున కుద్దేశము.

ఈ విచారము నాకు శ్రీసిటీయందుఁ గలిగినది. సత్యవేడు ప్రాంతమునఁ దమిళనాడు సరిహద్దున 2008వ సంవత్సరమున వెలసిన యీ పారిశ్రామికనగరము మొన్నటివఱకుఁ జిత్తూరు జిల్లాలోనిది. 2022 మొదలు తిరుపతి జిల్లాలోనిది. ఇందుఁ బనిచేయు తెలుఁగువారును, దమిళులును, ఉత్తరదేశీయులును నొకే భోజనశాలలోఁ గూర్చుండి భుజింతురు. ఒకనాఁటి మధ్యాహ్న మచట నొక యువకుఁడు చేతిలోని ఫోనునందు "అమృతం" అను ధారావాహికమును జూచుచుండెను. చుట్టు మూఁగినవారిలోఁ దెలుఁగు చక్కఁగాఁ దెలియనివారు సయితము కడుపు పట్టుకొని నవ్విరి. మఱునాఁ డదే బల్లకడఁ జిత్తూరుసీమ కుఱ్ఱఁ డొకఁడు తన యింటియాసతో నేదో చెప్పఁబోఁగా, వేఱొక జిల్లావాఁ డా యాసను వెక్కిరించెను. అప్పుడును నవ్వు పుట్టినది. కాని చెప్పఁబోయినవాఁడు మాట మ్రింగి, తల వంచుకొని యన్నము గలుపుకొనెను. మొదటి నవ్వు పదిమందిని గలిపినది. రెండవది యొకని వెలివేసినది. ఈ రెంటిని హాస్యమని యొక్క పేరితోఁ బిలుచుట యుచితమా?

భరతముని నాట్యశాస్త్రమున హాస్యమునకు స్థాయి హాసమని చెప్పి, దాని విభావములఁ బేర్కొనుచు వికృతవేషము, ధార్ష్ట్యము, లౌల్యము, కుహకము, అసత్ప్రలాపము, వ్యంగదర్శనము మున్నగువానిని లెక్కించెను. ఈ పట్టికను సావధానముగాఁ బరికించినచో నిందు రెండు తెగలు కానవచ్చును. అంగవైకల్యము, పరదేశవేషము వంటివి బయటికిఁ గనఁబడునవి. జన్మమును దేశమును మనుష్యున కిచ్చినవి. సిగ్గుమాలిన తెగువ, పేరాస, కపటము లోపలివి. మనుష్యుఁడు తనకుఁ దాను దెచ్చుకొన్నవి. ఈ విభాగము భరతుఁడు చేసినది కాదు, నా యూహ మాత్రమే. అభినవగుప్తుఁడు హాస్యమునకు మూల మనౌచిత్యమనెను. అనౌచిత్యములలోఁ బరదేశవేషములోని వింత కొన్నాళ్ల పరిచయముతోఁ దీఱిపోవును. మనుష్యుఁడు తా నెట్టివాఁడో, తన్ను దా నెట్టివాఁ డనుకొనునో, ఆ రెంటి నడిమి యెడము మాత్ర మే కాలమునను దీఱదు. ఆ యెడము నాశ్రయించిన హాస్యమే నిలుచునని నా ప్రతిజ్ఞ.

ముందుగాఁ బ్రతికూలోదాహరణమును జూతము. విన్స్ పవెల్ సృష్టించిన "మైండ్ యువర్ లాంగ్వేజ్" అను నాంగ్లధారావాహికము 1977 నుండి 1979 వఱకు నడచి, 1986లో మరలఁ గొంతకాలము ప్రదర్శింపఁబడెను. బ్రౌను అను నుపాధ్యాయుఁడు రాత్రిపాఠశాలలోఁ బలుదేశములవారికి నాంగ్లము నేర్పుట యిందలి కథ. భారతీయులు, పాకిస్తానీయుఁడు, చీనావనిత, ఫ్రెంచివనిత తమతమ దేశములకుఁ బ్రతినిధులవలెఁ గూర్చుండి, యొక్కొక్కరొక్కొక్క తీరునఁ దప్పు పలుకుదురు. మన దేశమునను దీని కభిమానులు పెక్కండ్రు. దీని ననుసరించి హిందీలో "జబాన్ సంభాల్‌కే" యను ధారావాహికము 1993లో దూరదర్శనునఁ బ్రదర్శింపఁబడినది. చూచి నేను నవ్వలేదనుట యసత్యము. కాని మరలఁ జూడఁబోఁగా నా నవ్వు మరల రాలేదు. ఏలయనఁగా నా పాత్రలనుండి వారి తప్పుపలుకులను దీసివైచినచో మిగులునది మిక్కిలి కొంచెము. వానికిఁ గోరిక యేమి, భయ మేమి, గర్వ మేమి యనునది మన కెఱుక పడదు. అదియుఁగాక పరభాష నేర్చుకొనువాని తప్పు దోషము కాదు. తెలియని త్రోవను నడచువాఁడు చెల్లించు సుంకము. దానిని జూచి నవ్వువాఁడు తా నా త్రోవ నడువనివాఁడు.

ఇఁక "ఫాల్టీ టవర్స్" అను ప్రసిద్ధ ప్రహసనము. జాన్ క్లీజ్, కానీ బూత్ అను నిరువురు రచించి తామే నటించిన యిది 1975లో నాఱు భాగములుగను, 1979లో నాఱు భాగములుగను బీబీసీవారిచేఁ బ్రదర్శింపఁబడినది. మొత్తము పండ్రెండే. టార్కీ యను సముద్రతీరపట్టణమున బేసిల్ ఫాల్టీ యనువాఁ డొక చిన్నహోటలు నడపుచుండును. అతిథులకు సేవచేయుట వాని వృత్తి. అతిథులన్న వానికి రోఁత. మొదటి భాగమున వాఁడు గొప్పవంశీయుల రాక కాశపడి పత్రికలోఁ బ్రకటన వేయించును. ప్రభువునని చెప్పుకొను నొక మోసగాఁడు రాఁగానే తక్కిన యతిథులను దిగనాడి వాని యడుగులకు మడుఁగు లొత్తును. తుదకు వాఁడు దాఁచుమని యిచ్చిన పెట్టెలో నిటుకలు బయల్పడును. మోసగాని కపటమునకుఁ గాదు మనము నవ్వునది. బిరుదు వినఁగానే వెన్ను వంగు బేసిలు లౌల్యమునకు. ఆ వెన్ను మన వీథిలోను, మన కార్యాలయములలోను, మనలోను గలదు గనుకనే యా నవ్వు వాడలేదు.

ఇక్కడ నొక యాక్షేపము పుట్టవచ్చును. ఆ హోటలులోని పరిచారకుఁడు మాన్యుయెలు బార్సిలోనావాఁడు, ఆంగ్ల మంతంతమాత్రము వచ్చినవాఁడు. వానిఁ జూచి నవ్వుట బ్రౌనుగారి తరగతిఁ జూచి నవ్వుటకంటె నెట్లు మేలు? ఆక్షేపము త్రోసివేయఁదగినది కాదు. ఈ ధారావాహికమును స్పెయినునఁ జూపినప్పు డా పాత్రను ఇటలీదేశీయునిగా మార్చిరన్న దానినిబట్టియే యందుఁ గొంత ముల్లు గలదని తెలియుచున్నది. అయినను భేదము గలదు. తక్కువజీతమునకు వచ్చునని మాన్యుయెలును దెచ్చినవాఁడు బేసిలే. తాను నేర్చినది ప్రాచీనమైన శుద్ధస్పానిషనియు, వీనిది వింతమాండలిక మనియు నతఁడు పలుకును. అనఁగా వాని దేశభాష వానికే రాదని తేల్చును. అచట నవ్వు మాన్యుయెలును దాఁటి బేసిలుమీఁదఁ బడుచున్నది. శుద్ధభాషాభిమానము గల మన పండితులకును నందుఁ గొంత పాలు గలదని యొప్పుకొనక తప్పదు.

జిమ్మీ పెరీ, డేవిడ్ క్రాఫ్ట్ అనువారు రచించిన "డాడ్స్ ఆర్మీ" 1968 నుండి 1977 వఱకు నెనుబది భాగములుగా వెలువడెను. రెండవ ప్రపంచయుద్ధకాలమునఁ దీరపట్టణము గాచు స్వచ్ఛందసైనికుల కథ యిది. బ్యాంకు మేనేజరు మెయిన్‌వేరింగు తన్ను దాను సేనానాయకునిగా నియమించుకొనును; వానికి లోఁబడిన విల్సను వంశముచేతఁ దనకంటె నున్నతుఁడని లోలోన నుడుకుచుండును. ఇంతవఱకు బేసిలువంటివాఁడే. కాని బ్యాంకునందుఁ బడిన పేలని బాంబును జేతులఁ బట్టుకొని నిలువవలసిన పాటు వచ్చినప్పు డా డంబాచారి పాఱిపోఁడు. పాత్రయందు దోషమును జూపి, దానివెనుక గుణమును దాఁచియుంచుటచే నీ హాస్యము కరుణకుఁ బొరుగున వసించుచున్నది. "ఎస్ మినిస్టర్" (1980-84), దాని యుత్తరభాగమగు "ఎస్ ప్రైమ్ మినిస్టర్" (1986-88) అనువానిలో మంత్రికిఁ గీర్తికాంక్షయు, కార్యదర్శికి నధికారకాంక్షయు దోషములు. అవి దేశభేదము నెఱుఁగని దోషములు గనుకనే 2001లో "జీ మంత్రీజీ" యను పేర హిందీలోనికి రాఁగలిగినవి.

మన భాషలో నీ మార్గము క్రొత్తది కాదు. గురజాడవారి గిరీశము తెలియని విద్య లేనట్లు మాటలాడును. మొక్కపాటివారి బారిస్టరు పార్వతీశము మొగలితుఱ్ఱునుండి సీమకుఁ బోయి పడిన పాట్లు చదివినప్పుడు మనము నవ్వునది మనలనే చూచుకొని. ఆంగ్లేయుఁడు నవ్వకమునుపే మనమే నవ్వుకొనుటవలన నందు మనకు గెలుపు గలదు. ఈ వంశమునఁ బుట్టినదే గుణ్ణం గంగరాజుగారి "అమృతం". ఇది 2001 నవంబరు 18 మొదలు 2007 నవంబరువఱకు జెమినీ టీవీయందు మూడువందలకు మీఱిన భాగములుగాఁ బ్రదర్శింపఁబడెను. ఇందును నొక హోటలే రంగస్థలము. అమృతరావు, ఆంజనేయులు అను మిత్రు లిరువురు "అమృత విలాస్" నడపుచుందురు. అందలి వంట తిన శక్యము గాదు. అమృతమునకు మాత్రము వారమున కొక యుపాయము తట్టును. ప్రతి యుపాయముతోను దాను శ్రీమంతుఁడైనట్లే తలంచును. మిత్రు నందు దింపును. తుద కిరువురును మొదటి చోటికే వత్తురు. ఇల్లాండ్రు సంజీవని, శాంత, హోటలులోని సర్వము, అద్దెకై కాచుకొనియుండు నింటి యజమాని అప్పాజీ. ఇంతే ప్రపంచము.

ఈ "మొదటి చోటికే వచ్చుట" యందుఁ గొంత రహస్యము గలదు. నాటకమున నాయకుఁడు మాఱును; ప్రహసనధారావాహికమున మాఱరాదు. బేసిలుకు నమృతమునకుఁ దమ గుణపాఠములు గుర్తుండినచో మఱుసటివారము కథ యుండదు. మన బ్రదుకులును బెక్కు దినము లిట్లే గదా! అమృతముగా మొదట శివాజీరాజా, తరువాత నరేష్, ఆపై హర్షవర్ధన్ నటించిరి. నటులు మాఱినను జనులు పాత్రను విడువరైరి. ఆంజనేయులు మాత్ర మాద్యంతము గుండు హనుమంతరావుగారే. 2018లో నాయన గతించినప్పుడు తెలుఁగిండ్ల నొక ప్రాణమిత్రుఁడు పోయినట్లయ్యెను. ఇన్నివందల భాగములును సమానముగా నున్నవని చెప్పఁజాలను. పండ్రెండింటితో నాపిన యాంగ్లరచయితల సంయమనము మనవారికి లేదయ్యెను. 2020లో వచ్చిన "అమృతం ద్వితీయం" మొదటి దానిని గుర్తు చేసినంతగాఁ దాను గుర్తుండదు. అయినను మొదటిదానిలోని మేలిభాగములందు నవ్వు పొరుగువాని యాసమీఁదఁ గాక తన యాసమీఁదను గాక, తన యాశమీఁదఁ బడుచున్నది. భోజనశాలలోఁ దెలుఁగురానివారును నవ్వుటకుఁ గారణ మిదియే. ఆశకుఁ దర్జుమా యక్కఱలేదు.

ఈ సీమకు ఒకపూట ప్రయాణమున నున్న కాంచీపురమునఁ బల్లవరాజు మహేంద్రవర్మ యేడవ శతాబ్దారంభమున "మత్తవిలాసప్రహసనము" రచించెను. మత్తుఁడైన కాపాలికుఁడు తన కపాలపాత్రను బోఁగొట్టుకొని, బౌద్ధభిక్షువు దొంగిలెనని వానితోఁ గలహించును; తుద కది యొక కుక్కనుండి పిచ్చివానిచేతికి వచ్చినదని తేలును. నాఁటి మతవివాదములు సమసినవి. తన మఱపునకు నెదుటివానిని దొంగఁజేయు గుణము సమయలేదు. ఆ ప్రహసనము కేరళమునఁ జాక్యారుల యాటవలనను దాళపత్రములవలనను నిలిచి, 1917లో గణపతిశాస్త్రిగారి పరిష్కరణమున ముద్రిత మయ్యెను. పదునాలుగు శతాబ్దముల నాఁటిది దక్కఁగా, నిన్నమొన్నటి "డాడ్స్ ఆర్మీ"లో మూఁడు భాగములు టేపులు చెఱిపివేయఁబడుటచే నేఁటికిని దొరకకున్నవి. నవ్వుటాలని తేలికగాఁ జూచిన ఫల మిది. మనవారి హాస్యధారావాహికముల వ్రాఁతప్రతులను సేకరించి, పాఠము పరిష్కరించి యచ్చువేయుట సాహిత్యపరిశోధకులకుఁ దగినపని యని నా విన్నపము.

తిరిగి భోజనశాలకు వత్తము. చిత్తూరుసీమ యాస నవ్వుఁబాటు కాదు. ఆ యాసతోనే నామిని సుబ్రహ్మణ్యంనాయుఁడుగారు మిట్టూరి కథలు చెప్పి మనల నవ్వించి కంటఁ దడి పెట్టించిరి. అందు నవ్వు పలుకుబడిది కాదు, ఆ పలుకుబడి చూచిన లోకముది. కావున హాస్యమును బరీక్షించు విమర్శకుఁ డడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈ నవ్వు ముగిసినపిమ్మట నెవఁడైన నన్నపుపళ్లెమువైపు తల వంచుకొనియున్నాఁడా? ఉన్నయెడల నది నేఁటి నవ్వే కాని ఱేపటిది కాదు. అందఱును దల యెత్తి నవ్వుచున్నయెడల నది వాడని నవ్వు. ఈ కొలఁతయందు లోపము గలదేని సహృదయులు చూపి సవరింతురు గాక.