ఫీజు కోతలో పనితనం

పన్నెండో తరగతి ఫలితాలు రాగానే పొదటూరుపేట మగ్గాల ఇళ్లలో పిల్లలు సిద్ధం చేసుకునే కాగితాల్లో ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఒకటి. తమిళనాడు ప్రభుత్వం 2010-11లో తెచ్చిన ఫీజు రాయితీకి ఇదే ఆధారం. తాత, అవ్వ, నాయన, అమ్మ, తోడబుట్టినవాళ్లు... వీళ్లలో డిగ్రీ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రాయితీకి కావలసిన జవాబు ఇదొక్కటే. కులంతో పనిలేదు, ఆదాయంతో పనిలేదు.

ఇంత పొదుపుగా కట్టిన నిబంధన ప్రభుత్వ ఉత్తర్వుల్లో అరుదు. నేతపని ఇంటికి జీతం చీటీ ఎక్కడిది? పండగల ముందు చేతినిండా పని, వానల్లో సగం కూలి. ఆదాయ ధ్రువపత్రంలో ఏ అంకె వేసినా అది అంచనాయే, దానికోసం ఆఫీసు చుట్టూ తిరగడం వేరే బాధ. డిగ్రీ సంగతి అలా కాదు, ఉంటే ఉంది, లేకుంటే లేదు, వీధంతటికీ తెలుసు. పైగా ఇంట్లో డిగ్రీ లేదని చెప్పే ఉమ్మడి వాంగ్మూలం మీద చదివే బిడ్డ ఒక సంతకం, కన్నవాళ్లు ఒక సంతకం పెట్టాలి. ఇంటి చదువుల చరిత్రకు ఇద్దరూ పూచీ పడతారన్నమాట.

ఇక డబ్బు లెక్క. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఎంత తీసుకోవాలో ఫీజు నిర్ణయ కమిటీ ముందే చెబుతుంది. అందులో రాయితీ పోను మిగిలింది విద్యార్థి కడతాడు. తగ్గిన మొత్తాన్ని ప్రభుత్వం కాలేజీకి ఇస్తుంది. ఇక్కడే అసలు పనితనం: తగ్గించిన ప్రతి రూపాయికీ వెనక ఒక రూపాయి ఉంది. ఆ జమ ఆలస్యమైతే చిన్న కాలేజీకి జీతాల తేదీ గండమే, అది కాదనలేం. అయినా కుట్టు ఎక్కడ వేయాలో తెలిసిన చెయ్యి ఇది.

ఆ కుట్టు లేకపోతే ఏమవుతుందో అమెరికాలో నల్లజాతివారి కోసం వెలసిన ప్రైవేటు కాలేజీలను చూస్తే తెలుస్తుంది. ఆ దేశంలో ప్రైవేటు కాలేజీలు మొత్తంగా మొదటి ఏడాది విద్యార్థులకు ప్రకటించిన ఫీజులో సగటున సగానికి పైగా తగ్గిస్తున్నాయి. పెద్ద నిధి ఉన్న కాలేజీకి దాని ఆదాయంతో ఆ లోటు పూడుతుంది. నల్లజాతి కాలేజీల్లో చాలావాటికి నిధి చిన్నది, చేరేవాళ్లు పేదింటి పిల్లలు, నడిచేది ఫీజుల మీదే. రాయితీ ఇచ్చినకొద్దీ సొంత గల్లా తరుగుతుంది. వర్జీనియాలో సెయింట్ పాల్స్ కాలేజీ అప్పులు, గుర్తింపు చిక్కుల మధ్య 2013లో మూతపడింది. ఆర్థిక స్థితి బాగాలేదని గుర్తింపు పోయే దశకు వచ్చిన బెన్నెట్ కాలేజీ, 2019 మొదట్లో జనం నుంచి 82 లక్షల డాలర్లు పోగుచేసింది.

ఆ కాలేజీలవాళ్లలోనూ గొప్ప పనివాడు ఒకరుండేవారు. టస్కిగీ అనే నల్లజాతి కాలేజీకి అప్పటి అధ్యక్షుడు ఫ్రెడరిక్ ప్యాటర్సన్. విడివిడిగా చెయ్యి చాచే కాలేజీలను ఒక్కటి చేసి, 1944లో 27 కాలేజీలతో ఉమ్మడి నిధి సంస్థ నెలకొల్పారు. ఒకే విజ్ఞప్తి, ఒకే వసూలు, తర్వాత పంపకం. ప్రభుత్వం పూడ్చని చోట పూడ్చడానికి కట్టిన ఆ సంస్థ నేటికీ నడుస్తోంది.

ఇక మన వైపుకు వస్తే, పక్కనున్న తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదువు కూడా స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. అయితే ఆ దారి మెరికల్లాంటి వాళ్లకే. ఫస్ట్ గ్రాడ్యుయేట్ రాయితీ సీటు తెచ్చుకున్న మామూలు పిల్లవాణ్ణి కూడా నిలబెడుతుంది. నాకు అందుకే అదంటే అంత ఇష్టం.

ఒక అంచు మాత్రం గరుకుగా మిగిలింది. రాయితీ ఇంటికి ఒకరికే. అన్న డిగ్రీ పట్టా తెచ్చుకున్నాడంటే, అదే మగ్గం కూలితో చదవాల్సిన చెల్లెలికి దారి లేదు. ప్రభుత్వ బడి పిల్లలకు ఉన్న, 2021లో ఇంజనీరింగ్‌కూ విస్తరించిన 7.5 శాతం కోటా ఆ అంచును కొంత సరిచేసింది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి ఆ కోటాలో సీటు తెచ్చుకుంటే ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు ప్రభుత్వానివే, అన్నకు పట్టా ఉన్నా సరే. ప్రైవేటు బడిలో చదివిన చెల్లెలికి మాత్రం ఆ కోటా కూడా లేదు.