స్వాగతం చెప్పేదెవరు?

నల్లమల మీద తెలుగులో వచ్చే యాత్రారచనలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. హైదరాబాద్‌లో పొద్దున్నే బయల్దేరతారు. మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే గాలి చల్లబడుతుంది. ఫర్హాబాద్ వ్యూపాయింట్ దగ్గర రచయితకు మాటలు కరువవుతాయి. తరువాతి పేరాలో ఒక చెంచు కనబడతాడు. విల్లు పట్టుకొని ఫొటో దిగి, పేరు చెప్పకుండానే వెళ్లిపోతాడు. చెట్టుకు పేరుంటుంది, పిట్టకు శాస్త్రీయ నామం కూడా ఉంటుంది. మనిషి మాత్రం ‘అమాయకపు అడవిబిడ్డ’.

ఇది ఒకరిద్దరు రచయితల లోపం కాదు. పార్కు అనే ఆలోచనలోనే ఆ చూపు ఉంది. 1872లో అమెరికాలో యెల్లోస్టోన్‌ను ప్రజల ఆనందం కోసమని పార్కు చేశారు. అక్కడ వేటాడి బతికిన షోషోనీ, బానక్ తెగలవాళ్లు ఆ ‘ప్రజల్లో’ లేరు. యోసెమిటీ అందాల గురించి అంత గొప్పగా రాసిన జాన్ మ్యూర్‌కు కూడా, దారిలో ఎదురైన ఆదివాసుల్లో ముందు మురికే కనబడింది. మన ఆదివారం అనుబంధాల వ్యాసం ఆయనకు దూరపు చుట్టమే.

1940ల్లో నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమిలో కొంత అడవిని చెంచుల కోసం రిజర్వు చేసింది. 1983లో నల్లమల ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపుది అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. రిజర్వు అనే మాట అదే, ఎవరికోసమన్నదే మారింది. 1943లో చెంచుల మీద పుస్తకం వేసిన హైమన్‌డార్ఫ్ కూడా ‘ఆదిమ’ ముద్ర వదల్లేదు. అయినా ఆయన పెంటల పేర్లు రాసుకున్నాడు, ఎవరికి ఎవరు ఏమవుతారో అడిగాడు. ఇప్పుడు రాసేవాళ్లకు ఆ మాత్రం ఓపిక లేదు. పెంట అంటే మైదానం పాఠకుడు నవ్వుతాడని కాబోలు, అప్పాపూర్ పెంట, మల్లాపూర్ పెంట అని రాయడానికే జంకుతారు. అక్కడ పెంట అంటే ఊరు. తేనె గురించైతే సీసా ధరతో సహా రాస్తారు. కొండచరియ మీద నుంచి తాడు పట్టుకొని దిగేవాడి ప్రాణం పైన బావమరిది చేతిలో ఉంటుందన్న సంగతి మాత్రం అందులో ఉండదు.

మనవాళ్ల కవిత్వానికీ ఒక మాట చెప్పాలి. అడవే అమ్మ, రోడ్డు శత్రువు అని రాస్తున్నారు. నిండు చూలాలిని మంచం మీద మోసుకొచ్చే పెంటకు రోడ్డు శత్రువు ఎట్లా అవుతుంది? పులికి రాత్రి నిశ్శబ్దం కావాలి, నిజమే. అందుకే శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూస్తున్నారు, అది మంచి పనే. కానీ పెంటకు దారి వేయడం, హైవే మీద వందల కార్లను వదలడం ఒకటి కావు. రెంటినీ కలిపి పాడితే అటవీశాఖ వాదనకు మనమే తాళం వేసినట్టు.

చట్టం ఈ కవిత్వాల కన్నా స్పష్టంగా ఉంది. 2006లో వన్యప్రాణి చట్టానికి తెచ్చిన సవరణ, పులుల కీలక ఆవాసాన్ని నిర్ణయించేటప్పుడు ఆదివాసుల హక్కులకు భంగం కలగకూడదంటుంది. అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం, గ్రామసభ ఒప్పుకోనిదే ఎవరినీ కదిలించొద్దంటుంది. కుటుంబానికి 10 లక్షలుగా ఉన్న తరలింపు ప్యాకేజీని 2021లో 15 లక్షలకు పెంచారు. యాత్రారచనలో ఈ అంకె ఎక్కడా కనబడదు. టికెట్ ధర మాత్రం తప్పకుండా ఉంటుంది.

అందరికీ స్వాగతం అంటే ఎట్లా ఉంటుందో చూడాలంటే చైత్ర పున్నమికి సలేశ్వరం పోవాలి. వేలమంది లోయలోకి దిగుతారు. లింగమయ్యకు పూజ చేసేది చెంచులు. వచ్చినవాళ్లు అక్కడ వాళ్ల అతిథులు, వెళ్తూ ప్లాస్టిక్ సీసాలు వదిలిపోయే అతిథులు. దాని మీద వచ్చే వ్యాసాలన్నీ ‘తెలంగాణ అమర్‌నాథ్’ అని మొదలవుతాయి. ఎక్కడో ఉన్న హిమాలయంతో పోల్చడానికి ముందు ఆ పూజారి దగ్గర కాసేపు కూర్చొని ఉంటే, ఈ ఏడు గుండంలో నీళ్లెన్ని ఉన్నాయో, సీసాలు ఏరడానికి ఎన్ని రోజులు పడుతుందో అయినా తెలిసేది.