లెక్కలో ‘మనం’ ఎవరం?

1991లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఒక చిన్న పుస్తకం వేసింది. పేరు ‘గ్లోబల్ వార్మింగ్ ఇన్ యాన్ అనీక్వల్ వరల్డ్’. రాసింది అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్. పర్యావరణ పుస్తకం అనగానే గుర్తొచ్చే మంచు ఎలుగుబంట్లు, కరిగే హిమనదాలు ఇందులో కనబడవు. ఉన్నదంతా లెక్కల మీద తగాదా. కానీ కోపం ఉన్న లెక్కలు ఎంత బాగా చదివిస్తాయో తెలియాలంటే ఇది చదవాలి.

తగాదా వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్‌తో. భూమిని వేడెక్కిస్తున్న మొదటి ఐదు దేశాల్లో ఇండియా, చైనా, బ్రెజిల్ ఉన్నాయని ఆ సంస్థ నివేదిక తేల్చింది. ఎలా తేల్చారని వీళ్ళు తవ్వారు. మనం వదిలే వాయువుల్లో కొంత భాగాన్ని సముద్రాలు, అడవులు పీల్చుకుంటాయి కదా. ఆ మినహాయింపుని నివేదిక ఎవరెంత వదిలితే వాళ్ళకి అంత చొప్పున పంచేసింది. ఊరి చెరువు నీళ్ళని ఎవరి మోటారు పెద్దదైతే వాళ్ళకి ఎక్కువ అని పంచినట్టు! అగర్వాల్, నారాయణ్ అదే మినహాయింపుని జనాభా ప్రకారం పంచి చూపించారు. ఇండియా తన వాటాలోపలే ఉంది. అమెరికా ఎప్పుడో దాటిపోయింది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. నీళ్ళు నిలిచిన వరిచేను నుంచి వచ్చే మీథేన్‌నీ, కారు పొగనీ ఒకే పద్దులో రాయడం ఏం న్యాయం అని అడిగారు. ఒకటి బతకడానికి, ఇంకొకటి విలాసానికి. వరి మీథేన్ విషయంలో విదేశీ అంచనాలు ఎంత ఎక్కువో ఆ రోజుల్లోనే తేలింది. మన శాస్త్రవేత్తలు చేలల్లోకి దిగి కొలిస్తే అందులో పదో వంతు దగ్గర వచ్చింది.

మరుసటి ఏడాది రియో ఒప్పందంలో బాధ్యత అందరిదీ, కానీ అందరిదీ ఒకే మోతాదు కాదు అన్న సూత్రం చేరింది. సూత్రం బాగుంది, చెల్లింపే నడవలేదు. 2020 కల్లా ఏటా 10 వేల కోట్ల డాలర్లు ఇస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హేగన్‌లో మాటిచ్చాయి. వాళ్ళ సొంత లెక్క ప్రకారమే అది నెరవేరింది 2022లో. అందులోనూ ప్రభుత్వాలు ఇచ్చినదాంట్లో సగానికి పైగా అప్పులే. అందుకే ముప్పై ఏళ్ళు దాటినా పుస్తకం పాతబడలేదు.

అయితే నాకు పేచీ ఒకటుంది. ఈ వాదనంతా తలసరి సగటు మీద నిలబడింది. ఇవాళ అమెరికన్ సగటున ఏటా సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలితే భారతీయుడు సుమారు 2 టన్నులు. నిజమే. కానీ ఆ రెండు టన్నుల మనిషి ఎవరు? హైటెక్ సిటీలో రాత్రంతా ఏసీ వేసుకుని, ఏడాదికి నాలుగుసార్లు విమానమెక్కే మనమా, వడదెబ్బ భయంతోనే ఎండలో ఉపాధి పనికి వెళ్ళే కూలీనా? సగటు ఇద్దరినీ కలిపేస్తుంది. ఆమె తక్కువ వాడటం వల్లే మన వాడకం కనబడకుండా పోతుంది. 2007లో గ్రీన్‌పీస్ ఇండియా నివేదిక ఒకటి ఈ సంగతే బయటపెట్టింది. అగర్వాల్, నారాయణ్ దేశాల మధ్య లెక్కని ఎంత పట్టుదలగా వేశారో, దేశం లోపలి లెక్కని అంత పట్టుదలగా వేయలేదు.

ఇంగ్లిషులో ‘వి’ అనేస్తే సరిపోతుంది. తెలుగులో ‘మనం’, ‘మేము’ల్లో ఒకటి ఎంచుకోక తప్పదు. ధనిక దేశాలు బాధ్యత దగ్గర ‘మనం’ అంటాయి, డబ్బు దగ్గర ‘మేము’ అంటాయి. ఈ పుస్తకం ఆ దొంగాటని పట్టిస్తుంది. పట్టించాక ‘మేము పేదవాళ్ళం’ అని బయటి ప్రపంచానికి చెప్పే హక్కు మనందరికీ ఒకేలా ఉందా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. దాన్ని అడగడానికి కొలబద్ద కూడా ఈ పుస్తకమే ఇస్తుంది: బతుకు ఏది, విలాసం ఏది? అమెరికా వైపు చూపించిన ఆ కొలబద్దని మన అపార్ట్‌మెంటు గుమ్మం దగ్గర కూడా పెట్టి చూడొచ్చు. అందుకోసమైనా ఇది చదవాలి.